నలభై మంది కస్టమర్ల హోస్టింగ్ ఖాతాలను ఒక్కరే చూసుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

దిల్‌సుఖ్‌నగర్‌లో రెండో అంతస్తులోని చిన్న గదిలో కూర్చుని నేను నలభైకి పైగా వెబ్‌సైట్ల హోస్టింగ్, అంటే వాటిని సర్వర్‌లో ఉంచి నడిపే పని, చూసుకుంటాను. వాటిలో జూనియర్ కాలేజీలు ఉన్నాయి, కూకట్‌పల్లిలో పిల్లల క్లినిక్ ఉంది, పత్తర్‌గట్టీలో ముత్యాల దుకాణం ఉంది, నాగోల్‌లో ఫంక్షన్ హాల్ ఉంది. సర్వర్ లోపల ఏం జరుగుతుందో వీళ్లెవరికీ తెలియనవసరం లేదు. "అన్నా, మా సైట్ ఓపెన్ అయితలేదు" అని ఫోన్ చేస్తారు, అంతే. ఆ ఒక్క మాట వెనక డొమైన్ గడువు తీరిపోయి ఉండొచ్చు, మెమరీ పరిమితి దాటి ఉండొచ్చు, ఎవరో లోపలికి జొరబడి ఫైళ్లు మార్చి ఉండొచ్చు. ఏది జరిగిందో నిమిషంలో తేల్చగలగాలి.

అమీర్‌పేటకు వెళితే వెబ్‌సైట్ తయారుచేయడం నేర్పే ఇన్‌స్టిట్యూట్లు వీధికి నాలుగు కనిపిస్తాయి. తయారైన సైట్లను ఏళ్ల తరబడి నడపడం మాత్రం చాలామంది దెబ్బలు తిని నేర్చుకుంటున్నారు. నేనూ అలాగే నేర్చుకున్నాను. పది సైట్లో, యాభై సైట్లో ఇతరుల తరఫున చూసుకునేవారికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఉదాహరణలకు ఒక హోస్టింగ్ ఖాతాను నడిపే ప్యానెల్ అయిన సీప్యానెల్, అలాంటి ఖాతాలన్నింటినీ పైనుంచి చూసే డబ్ల్యూహెచ్‌ఎం తీసుకున్నాను. మీది ప్లెస్క్ అయినా, డైరెక్ట్‌అడ్మిన్ అయినా బటన్ల పేర్లు మారతాయి గానీ పద్ధతి మారదు.

## మొదట చిట్టా రాయండి

సర్వర్ జోలికి వెళ్లేముందు ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. సైటుకు ఒక వరుస. అందులో ఏం ఉండాలంటే: డొమైన్ పేరు, దాన్ని ఏ రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే కంపెనీ) దగ్గర కొన్నారు, ఎవరి ఈమెయిల్ మీద కొన్నారు, గడువు తేదీ, నేమ్‌సర్వర్లు (డొమైన్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పేవి) ఎక్కడున్నాయి, హోస్టింగ్ ఖాతా యూజర్‌నేమ్, ఏ సర్వర్, మెయిల్ ఎక్కడ నడుస్తోంది, పీహెచ్‌పీ (సైట్ కోడ్ రాసిన భాష) వెర్షన్, నిర్ణయాలు తీసుకునే మనిషి ఫోన్ నంబరు, ఎప్పటివరకు డబ్బు కట్టారు.

వీటిలో డొమైన్, నేమ్‌సర్వర్, హోస్టింగ్, మెయిల్ అనేవి నాలుగూ నాలుగు వేరే చోట్ల ఉండొచ్చు. కస్టమర్ దృష్టిలో అన్నీ కలిపి "సైట్". చాలా ఫోన్లకు జవాబు ఈ నాలుగింటిలో ఏది ఎక్కడుందో తెలియడంలోనే ఉంటుంది. పాత కస్టమర్ల వివరాలు తెలియకపోతే డొమైన్ మీద హూయిజ్ (డొమైన్ల బహిరంగ చిట్టా) వెతకండి, ఎన్‌ఎస్ (నేమ్‌సర్వర్), ఎంఎక్స్ (మెయిల్) రికార్డులు చూడండి. రిజిస్ట్రార్, గడువు, మెయిల్ ఎక్కడికి వెళ్తోంది అన్నవి బయటపడతాయి.

డొమైన్ ఎవరి పేరు మీద ఉందన్న గడి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. ఒక స్కూలు డొమైన్‌ను అంతకుముందు సైట్ చేసిన కుర్రాడు తన సొంత జీమెయిల్ మీద కొన్నాడు. తర్వాత అతను దేశం దాటి వెళ్లిపోయాడు, గడువు హెచ్చరికలన్నీ అతని ఇన్‌బాక్స్‌లోనే ఉండిపోయాయి. స్కూలు వాళ్లు నా దగ్గరకొచ్చేసరికి ఆ డొమైన్ రిడెంప్షన్‌లో పడింది. డాట్ కామ్ లాంటి డొమైన్లకు గడువు తీరాక రిజిస్ట్రార్‌ను బట్టి గరిష్ఠంగా 45 రోజుల వరకు మామూలు ధరకు రెన్యూవల్ దొరకొచ్చు. ఆ తర్వాతి 30 రోజులు రిడెంప్షన్, అప్పుడు అదనపు రుసుము గట్టిగానే ఉంటుంది. ఆపైన 5 రోజులకు పేరు అందరికీ అందుబాటులోకి వచ్చేస్తుంది. అందుకే ప్రతి డొమైన్‌నూ కస్టమర్ పేరు, కస్టమర్ ఈమెయిల్ మీదే కొనిపించండి, లేదా మార్పించండి. మనకు నిర్వహణ అధికారం చాలు, యాజమాన్యం వాళ్లదే.

పాస్‌వర్డ్లు మాత్రం ఈ షీట్‌లో రాయకండి. వాటికి బిట్‌వార్డెన్, కీపాస్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్ వాడండి.

## ఒక కస్టమర్‌కు ఒక ఖాతా

ఈ మొత్తంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే, ఈ భాగం గుర్తుపెట్టుకోండి.

2019లో నా దగ్గర పద్నాలుగు సైట్లు ఒకే సీప్యానెల్ ఖాతాలో ఉండేవి. ఒక డొమైన్ మెయిన్, మిగిలిన పదమూడు యాడ్ఆన్ డొమైన్లు, అంటే అదే ఖాతాకు అదనంగా తగిలించినవి. చవకగా ఉందని అలా పెట్టాను. వినాయక చవితికి ముందు రోజు ఒక క్యాటరింగ్ ఆయన ఫోన్ చేశారు. గూగుల్‌లో వెతికితే ఆయన సైట్ పేరు కింద జపనీస్ అక్షరాలు వస్తున్నాయట. ఆ సైట్‌లో ఎవరో ఇచ్చిన క్రాక్ థీమ్ (డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీ డిజైన్) ఉంది, దాని లోపల దొంగదారి ఉంది. నేను ఆ ఒక్క సైట్ శుభ్రం చేసి హమ్మయ్య అనుకున్నాను. రెండు గంటల్లో మళ్లీ వచ్చింది. చూస్తే పద్నాలుగు సైట్లలోనూ అదే కోడ్. ఒక దాన్ని కడిగితే పక్కది మళ్లీ అంటించేది. పండగంతా ఆ గదిలోనే గడిచింది.

ఎందుకలా జరుగుతుందో తెలిస్తే ఇక ఎవరూ ఆ తప్పు చేయరు. ప్రతి సీప్యానెల్ ఖాతా, సర్వర్‌ను నడిపే లినక్స్ లెక్కలో ఒక యూజర్. ఆ ఖాతాలోని ఫైళ్లన్నీ ఆ యూజర్‌వి. సైట్ పీహెచ్‌పీ కోడ్ కూడా ఆ యూజర్ పేరు మీదే నడుస్తుంది. కాబట్టి ఒక సైట్‌లో దూరిన కోడ్‌కు అదే ఖాతాలోని పక్క సైట్ ఫోల్డర్ తెరవడానికి ఏ తాళమూ అడ్డు ఉండదు. అదే సైట్ వేరే ఖాతాలో ఉంటే వేరే యూజర్ కిందికి వెళ్తుంది. సర్వర్‌లో హోస్టింగ్ కోసం చేసిన లినక్స్ అయిన క్లౌడ్‌లినక్స్, అందులో ఖాతాలను విడదీసే కేజ్‌ఎఫ్ఎస్ ఉంటే ఒక ఖాతాకు పక్క ఖాతా కనిపించనైనా కనిపించదు. హోస్టింగ్ కొనేముందు ఈ రెండూ ఉన్నాయా అని తప్పక అడగండి.

చేయాల్సిన పని ఇది. రీసెల్లర్ ప్లాన్ (హోస్టింగ్‌ను మన కస్టమర్లకు పంచి ఇచ్చే ప్లాన్) తీసుకుంటే డబ్ల్యూహెచ్‌ఎం వస్తుంది. అందులో ముందు ప్యాకేజీలు తయారుచేయండి. నేను మూడే పెట్టుకున్నాను: నాలుగు పేజీల సైట్లకు చిన్నది, వర్డ్‌ప్రెస్ (సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) సైట్లకు మధ్యది, ఆన్‌లైన్ దుకాణాలకు పెద్దది. ప్రతి ప్యాకేజీలో డిస్క్, బ్యాండ్‌విడ్త్, ఈమెయిల్ ఖాతాల సంఖ్య, డేటాబేస్‌ల సంఖ్య, గంటకు పంపగల మెయిళ్ల సంఖ్య నింపండి. దేనికీ "అన్‌లిమిటెడ్" పెట్టకండి. తర్వాత ఒక్కో డొమైన్‌కు ఖాతా సృష్టించండి. యూజర్‌నేమ్ ఎనిమిది అక్షరాల లోపే, చూడగానే ఏ కస్టమరో తెలిసేలా పెట్టండి. డేటాబేస్ పేర్లన్నీ ఆ ముక్కతోనే మొదలవుతాయి, రేపు వెతుక్కునేటప్పుడు సుఖంగా ఉంటుంది.

ఖర్చు పెరుగుతుంది, నిజమే. 2019 నుంచి సీప్యానెల్ లైసెన్స్ ఖాతాల సంఖ్యను బట్టి ఉంటోంది, ఆ భారం హోస్టింగ్ కంపెనీల నుంచి మన దాకా వస్తుంది. ఆ తేడాను కస్టమర్ బిల్లులో చూపించండి. "మీ సైట్ వేరేవాళ్ల సైట్లతో కలిపి ఉండదు" అని చెబితే వద్దన్నవారు నాకు ఇంతవరకు తగల్లేదు.

## యాడ్ఆన్ డొమైన్‌ను సొంత ఖాతాలోకి మార్చే పద్ధతి

ఆదివారం తెల్లవారుజామున పెట్టుకోండి. ముందు రోజే డీఎన్‌ఎస్ జోన్‌లో (డొమైన్ ఎక్కడికి వెళ్లాలో రాసి ఉండే రికార్డుల జాబితాలో) ఆ డొమైన్ టీటీఎల్‌ను, అంటే ఆ రికార్డును ఇతరులు గుర్తుంచుకునే సమయాన్ని, 300 సెకన్లకు తగ్గించండి. సీప్యానెల్‌లో అది మామూలుగా 14400, అంటే నాలుగు గంటలు. తగ్గించకుండా మార్చితే కొందరికి కొత్త సర్వర్, కొందరికి పాతది కనిపిస్తూ ఉంటుంది, ఆ గందరగోళంలో వచ్చిన ఆర్డర్లు పాత డేటాబేస్‌లో పడిపోతాయి.

వేరే సర్వర్‌కు వెళ్తుంటే వరుస ఇలా. కొత్త సర్వర్‌లో ఖాతా తెరవండి. పాత దాంట్లో సైట్ ఫోల్డర్‌ను జిప్ చేయండి, పీహెచ్‌పీమైఅడ్మిన్ నుంచి డేటాబేస్ ఎక్స్‌పోర్ట్ చేయండి. కొత్త చోట డేటాబేస్, దానికి యూజర్ సృష్టించి, ఆ యూజర్‌కు అన్ని అధికారాలూ ఇచ్చి ఇంపోర్ట్ చేయండి. వర్డ్‌ప్రెస్ సెట్టింగులుండే డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైల్‌లో కొత్త డేటాబేస్ పేరు, యూజర్, పాస్‌వర్డ్ రాయండి. ఇప్పుడు డీఎన్‌ఎస్ ముట్టుకోకుండా, మీ కంప్యూటర్‌లోని హోస్ట్స్ ఫైల్‌లో ఆ డొమైన్ పక్కన కొత్త సర్వర్ ఐపీ (అంకెల్లో ఉండే చిరునామా) రాయండి. మీకొక్కరికే కొత్త సైట్ తెరుచుకుంటుంది, లోకానికి పాతదే కనిపిస్తుంది. అన్ని పేజీలూ, ఫారమ్‌లూ, పేమెంట్ బటనూ నొక్కి చూడండి. సరిగా ఉంటే అప్పుడు డీఎన్‌ఎస్ మార్చండి. వీలైతే నేమ్‌సర్వర్లు మార్చకుండా, సైట్ ఐపీని చెప్పే 'A' రికార్డు ఒక్కటే మార్చండి. నేమ్‌సర్వర్ మార్పు అందరికీ చేరడానికి రెండు రోజులు కూడా పట్టొచ్చు.

అదే సర్వర్‌లో మార్చుతుంటే ఒక చిక్కుంది. ఒకే డొమైన్ రెండు ఖాతాల్లో ఉండదు, డబ్ల్యూహెచ్‌ఎం ఒప్పుకోదు. కాబట్టి బ్యాకప్‌లన్నీ చేతిలో పెట్టుకుని, యాడ్ఆన్‌ను తీసేసి, వెంటనే కొత్త ఖాతా తెరవాలి. కొద్ది నిమిషాలు సైట్ ఆగుతుంది, కస్టమర్‌కు ముందే చెప్పండి.

అందరూ మర్చిపోయేది మెయిల్. సైట్ మారుతుంది, మెయిల్ ఖాతాలు పాత చోటే ఉండిపోతాయి. ఖాతాలు, ఫార్వర్డర్లు, పాత ఉత్తరాలున్న మెయిల్ ఫోల్డర్, అన్నీ తరలించాలి. క్రాన్ జాబ్‌లు (నిర్ణీత సమయానికి వాటంతటవే నడిచే పనులు), పీహెచ్‌పీ వెర్షన్ కూడా చూసుకోండి. పాత ఖాతాను కనీసం పదిహేను రోజులు అలాగే ఉంచండి.

## పరిమితులు చదవడం నేర్చుకోండి

షేర్డ్ హోస్టింగ్‌ను అపార్ట్‌మెంట్ అనుకోండి. నీళ్ల ట్యాంకు ఒక్కటే. ఒక ఫ్లాట్‌లో కొళాయి కట్టకపోతే అందరికీ నీళ్లు అయిపోతాయి. అందుకే క్లౌడ్‌లినక్స్ ప్రతి ఖాతాకూ సీపీయూ, మెమరీ, డిస్క్ వేగం, ఒకేసారి నడిచే ప్రాసెస్‌ల సంఖ్యలకు కట్టుబాటు పెడుతుంది.

వీటిలో ఎక్కువమంది తప్పుగా అర్థం చేసుకునేది ఎంట్రీ ప్రాసెస్. చాలా ప్లాన్లలో ఇది 20 ఉంటుంది. ఇరవై మంది విజిటర్లే రావాలని కాదు దీని అర్థం. సరిగ్గా ఒకే క్షణంలో పీహెచ్‌పీ పని చేయిస్తున్న రిక్వెస్టులు ఇరవై దాటకూడదని. పేజీ అర సెకనులో తయారైతే ఆ చోటు వెంటనే ఖాళీ అవుతుంది, ఇరవైతో వందల మందిని నడపొచ్చు. పేజీ పది సెకన్లు పడితే పాతిక మందికే సైట్ కూలబడుతుంది. అప్పుడు కనిపించేదే 508 ఎర్రర్, రిసోర్స్ లిమిట్ ఈజ్ రీచ్డ్. మెమరీ అయిపోతే ఎక్కువగా 500, 503 కనిపిస్తాయి. ఏది అయిపోయిందో సీప్యానెల్‌లో రిసోర్స్ యూసేజ్ పేజీ తేదీ, సమయంతో సహా చూపిస్తుంది. కస్టమర్ ఫోన్ చేసిన సమయానికి గ్రాఫ్‌లో ఏ గీత పైకప్పుకు తగిలిందో చూడండి.

ఇంటర్ రిజల్ట్స్ రోజు మా కాలేజీల సైట్లు ఇలాగే పడిపోయేవి. పిల్లలు, తల్లిదండ్రులు అందరూ ఒకే గంటలో వస్తారు. రెండేళ్లు టెన్షన్ పడ్డాక, పెద్ద ప్లాన్ కొనిపించకుండా ఒక పని చేశాను. ఆ రోజుకు హోమ్‌పేజీ స్థానంలో మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీ పెట్టాను. అందులో బోర్డు ఫలితాల లింకు, కాలేజీ ఫోన్ నంబరు, అడ్మిషన్ల వివరాలు, అంతే. పీహెచ్‌పీ నడవాల్సిన అవసరం లేదు కాబట్టి ఎంట్రీ ప్రాసెస్ లెక్కే రాలేదు. అప్పటినుంచి ఆ రోజు నాకు మామూలు రోజే.

మామూలు రోజుల్లో పరిమితి తగులుతుంటే ఈ వరుసలో వెతకండి. మొదట పేజీ క్యాష్ (తయారైన పేజీ కాపీని దాచి మళ్లీ ఇచ్చేది) ఉందా చూడండి. సర్వర్‌లో లైట్‌స్పీడ్ అనే వెబ్ సాఫ్ట్‌వేర్ ఉంటే దాని క్యాష్ ప్లగిన్ ఉచితమే. తర్వాత వర్డ్‌ప్రెస్ క్రాన్. ఇది ఎవరైనా సైట్ తెరిచినప్పుడల్లా లేచి చేయాల్సిన పనులు ఉన్నాయా అని చూసుకుంటుంది. డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌లో దాన్ని ఆపేసి, సీప్యానెల్ క్రాన్ జాబ్స్‌లో పదిహేను నిమిషాలకోసారి నడిచేలా పెట్టండి. నలభై సైట్లకూ ఒకే నిమిషంలో పెట్టకండి. ఒకదానికి 2వ నిమిషం, మరొకదానికి 5వ నిమిషం, అలా విడదీయండి. ఆ తర్వాత ఎవరు ఏ పేజీ అడిగారో రాసి ఉండే యాక్సెస్ లాగ్‌లో ఎక్స్‌ఎంఎల్‌-ఆర్‌పీసీ (వర్డ్‌ప్రెస్‌ను బయటి నుంచి నడిపే దారి), లాగిన్ పేజీల మీద ఒకే ఐపీ నుంచి వందల రిక్వెస్టులు వస్తున్నాయా చూసి అడ్డుకోండి. ఇవన్నీ అయ్యాకే పెద్ద ప్లాన్ సంగతి.

ఐనోడ్ అని ఇంకో పరిమితి ఉంది, అది ఫైళ్ల సంఖ్య మీద. డిస్క్ సగం ఖాళీగా ఉన్నా ఐనోడ్లు నిండితే మెయిల్ రాదు, ఫొటో ఎక్కదు. సీప్యానెల్ మెయిల్‌లో ప్రతి ఉత్తరమూ ఒక ఫైలే. క్లినిక్ రిసెప్షన్ ఇన్‌బాక్స్‌లో ఆరేళ్ల ఉత్తరాలు ఉంటే ఏమవుతుందో ఊహించండి.

## మెయిల్ దగ్గర ఎక్కువ జాగ్రత్త

సైట్ గంటసేపు ఆగితే కస్టమర్ సర్దుకుంటాడు. కొటేషన్ మెయిల్ వెళ్లకపోతే సర్దుకోడు. అలా సర్దుకోకపోవడంలో న్యాయం ఉంది కూడా.

షేర్డ్ సర్వర్‌లో మెయిల్ పంపే ఐపీ చాలాసార్లు అందరిదీ ఒక్కటే. ఒక ఖాతాలో పాస్‌వర్డ్ దొంగిలించి రాత్రికి రాత్రి వేల స్పామ్ పంపితే, ఆ ఐపీ బ్లాక్‌లిస్టుల్లోకి ఎక్కి, తప్పు చేయని ముప్పై తొమ్మిది మందికీ మెయిల్ ఆగిపోతుంది. ప్యాకేజీలో గంటకు ఇన్ని మెయిళ్లే అని పెట్టమన్నది ఇందుకే. చిన్న వ్యాపారానికి గంటకు వంద చాలు.

ప్రతి డొమైన్‌కూ మూడు రికార్డులు ఉండాలి. ఈ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో ఎస్‌పీఎఫ్ చెబుతుంది. దారిలో ఉత్తరం మారలేదని డీకిమ్ సంతకం నిరూపిస్తుంది. ఈ రెండూ తప్పితే ఏం చేయాలో డీమార్క్ చెబుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ వీటిని గట్టిగా అడుగుతున్నాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5000కు పైగా పంపేవారికి మూడూ తప్పనిసరి, మిగిలినవారికి ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా ఉండాలి. మీరు మాత్రం అందరికీ మూడూ పెట్టేయండి. డీమార్క్‌ను మొదట "నన్" (ఏమీ చేయవద్దు) విధానంతో మొదలుపెట్టి, వచ్చే రిపోర్టులు చూశాకే బిగించండి.

ఎస్‌పీఎఫ్‌లో నాకు తరచూ కనిపించే తప్పులు రెండు. ఒకే డొమైన్‌కు రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులు పెట్టడం: అలా చేస్తే రెండూ చెల్లవు, ఒకే వరుసలో కలపాలి. రెండోది, ఆ వరుసలో ఇంక్లూడ్‌లు (వేరే సేవల సర్వర్ల జాబితాను కలిపే మాటలు) పేర్చుకుంటూ పోవడం: డీఎన్‌ఎస్ లుకప్‌లు పది దాటితే రికార్డు పనిచేయదు.

ఇంకొకటి, దీనికి నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను. కస్టమర్ మెయిల్‌ను గూగుల్ వారి వ్యాపార మెయిల్ సేవ అయిన వర్క్‌స్పేస్‌కు మార్చాం. ఎంఎక్స్ రికార్డులు సరిగ్గానే ఉన్నాయి, బయటివాళ్ల ఉత్తరాలు వస్తున్నాయి. సైట్‌లోని ఎంక్వైరీ ఫారం మెయిళ్లు మాత్రం రావట్లేదు. కారణం సీప్యానెల్‌లోని ఈమెయిల్ రౌటింగ్ "లోకల్" అని ఉండిపోవడం. ఆ సర్వర్ ఎంఎక్స్ చూడకుండా, ఈ డొమైన్ నాదే అనుకుని ఉత్తరాలను తన దగ్గరున్న పాత ఇన్‌బాక్స్‌లోనే వేసుకుంటోంది. దాన్ని "రిమోట్" చేయగానే అన్నీ సరైన చోటికి వెళ్లాయి. మెయిల్ బయట నడిచే ప్రతి ఖాతాలోనూ ఇప్పుడే వెళ్లి ఇది చూసుకోండి.

ఫారమ్‌ల విషయంలో పంపినవారి చిరునామా దగ్గర విజిటర్ జీమెయిల్ పెట్టకూడదు. అది మీ సర్వర్ జీమెయిల్ పేరుతో ఉత్తరం రాసినట్టే, స్పామ్‌లోకి పోతుంది. సొంత డొమైన్ చిరునామాతో, పాస్‌వర్డ్ ఇచ్చి, 587 లేదా 465 పోర్టులో ఎస్‌ఎంటీపీ (మెయిల్ పంపే పద్ధతి) ద్వారా పంపించండి. విజిటర్ చిరునామా రిప్లై-టూలో పెట్టండి. ఇక వ్యాపారమంతా మెయిల్ మీదే నడిచే కస్టమర్ అయితే, మెయిల్‌ను షేర్డ్ సర్వర్ నుంచి విడిగా ఒక మెయిల్ సేవలో పెట్టమనే నేను చెబుతాను.

## ఎస్‌ఎస్‌ఎల్, పీహెచ్‌పీ

సైట్‌ను https మీద నడిపే ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్లు చేత్తో వేసే రోజులు పోయాయి. ఉచితంగా దొరికే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ మామూలుగా 90 రోజులే ఉంటుంది. డబ్బుపెట్టి కొన్నవాటి గరిష్ఠ కాలం కూడా 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులకు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులకు తగ్గేలా నిర్ణయమైంది. సర్టిఫికెట్లను తానే తెచ్చి వేసే ఆటోఎస్‌ఎస్‌ఎల్ ఆన్ చేసి, వారానికోసారి దాని లాగ్ చూడండి. గడువు దగ్గరపడిందని పంపే మెయిళ్లను లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2025 జూన్‌లో ఆపేసింది, కాబట్టి గమనించే పని మనదే. రెన్యూ కాకపోతే చాలావరకు కారణం ఒకటే: డొమైనో, దాని సబ్‌డొమైనో వేరే ఐపీకి చూపిస్తూ ఉంటుంది.

పీహెచ్‌పీ 7.4కు భద్రతా సవరణలు 2022 నవంబర్‌లోనే ఆగిపోయాయి. ఇంకా దాని మీద నడిచే సైట్లు మీ షీట్‌లో ఉంటే వాటితో మొదలుపెట్టండి. ఒకేరోజు అన్నీ మార్చకండి. సైట్ కాపీ మీద కొత్త వెర్షన్ పెట్టి, ఎర్రర్ లాగ్ చూసి, ఆ తర్వాత అసలు దాన్ని మార్చండి.

## తాళాలు ఎవరి దగ్గరున్నాయి

డబ్ల్యూహెచ్‌ఎం పాస్‌వర్డ్ అంటే నలభై ఇళ్ల మారుతాళం. దానికి టూ-ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో కోడ్) పెట్టండి, అది ఎవరితోనూ పంచుకోవద్దు. డబ్ల్యూహెచ్‌ఎం నుంచి కస్టమర్ పాస్‌వర్డ్ లేకుండానే వాళ్ల సీప్యానెల్‌లోకి వెళ్లొచ్చు, కాబట్టి వాళ్ల పాస్‌వర్డ్ మీరు అడగాల్సిన అవసరమే లేదు. వాట్సాప్‌లో పాస్‌వర్డ్ పంపే అలవాటు మానండి, కస్టమర్‌తోనూ మాన్పించండి.

బయటి డెవలపర్ రెండు రోజుల పనికి యాక్సెస్ అడిగితే, ఆ సైట్ ఫోల్డర్ వరకే పరిమితమైన ఎఫ్‌టీపీ (ఫైళ్లు ఎక్కించే) ఖాతా, వర్డ్‌ప్రెస్‌లో అతని పేరుతో విడి యూజర్ ఇవ్వండి. షీట్‌లో ముగింపు తేదీ రాసుకుని ఆ రోజు తీసేయండి. ఫైళ్లకు 644, ఫోల్డర్లకు 755 అనుమతులు ఉండాలి. "పనిచేయట్లేదు, 777 పెట్టండి" అని ఎవరైనా అంటే పెట్టకండి, అది అందరికీ మార్చే అధికారం ఇచ్చేస్తుంది. అసలు లోపం ఫైలు యజమాని ఎవరన్న దగ్గర ఉంటుంది.

## బ్యాకప్: తిరిగి ఎక్కించి చూసిందే లెక్క

"మా హోస్టింగ్‌వాళ్లు రోజూ బ్యాకప్ తీస్తారు" అని నేనూ అనుకునేవాణ్ని. అవి వాళ్ల జాగ్రత్త కోసం తీసేవి. ఎన్ని రోజులవి ఉంటాయో, ఎక్కడుంటాయో అడిగి షీట్‌లో రాసుకోండి. ఏడు రోజులవే ఉండి, సైట్ పాడై పదిరోజులైతే అన్ని కాపీలూ పాడైనవే.

మూడు కాపీలు, రెండు రకాల చోట్లు, ఒకటి ఊరికి దూరంగా అన్న పాత సూత్రమే ఇప్పటికీ మంచిది. నేను దుకాణం సైట్ల డేటాబేస్ రోజూ, మొత్తం ఖాతాలు వారానికోసారి తీసి వేరే కంపెనీ నిల్వలోకి పంపుతాను. మన హైదరాబాద్‌లోనే 2022 నవంబర్ నుంచి అమెజాన్ వెబ్ సర్వీసెస్ రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) ఉంది. సర్వర్ ముంబైలో ఉంటే కాపీ ఇక్కడ, సర్వర్ ఇక్కడుంటే కాపీ ముంబైలో పెట్టుకోవచ్చు. బ్యాకప్ జిప్‌లను అదే ఖాతా హోమ్ ఫోల్డర్‌లో వదిలేయకండి. ఖాతా పోతే అవీ పోతాయి, పైగా కోటా తింటాయి.

సీప్యానెల్‌లో తీసిన ఫుల్ బ్యాకప్‌ను అదే సీప్యానెల్ నుంచి తిరిగి ఎక్కించలేరు. అది పై స్థాయి నుంచి చేయాల్సిన పని. మీ రీసెల్లర్ ఖాతాకు ఆ అధికారం ఉందా, లేకపోతే హోస్టింగ్‌వాళ్లు ఎంతసేపట్లో చేసిపెడతారు అన్నది అవసరం రాకముందే కనుక్కోండి. నెలకొక సైట్ ఎంచుకుని దాని బ్యాకప్‌ను ఒక ఖాళీ సబ్‌డొమైన్‌లో నిజంగా ఎక్కించి చూడండి. నేను మొదటిసారి చూసినప్పుడు ఫైళ్లన్నీ వచ్చాయి, డేటాబేస్ ఫైల్ సగంలో తెగిపోయి ఉంది. ఆరు నెలలుగా అలాగే తీసుకుంటూ వచ్చాను.

## ఎవరైనా జొరబడితే

కంగారులో వెంటనే ఫైళ్లు తుడిచేయకండి. ముందు ఆ ఖాతాను సస్పెండ్ చేసి, ఉన్నది ఉన్నట్టు లాగ్‌లతో సహా కాపీ తీయండి. ఎలా వచ్చారో తెలియకపోతే మళ్లీ వస్తారు. తర్వాత వర్డ్‌ప్రెస్, ప్లగిన్లు, థీమ్ అసలు చోటు నుంచి కొత్తగా దించి పెట్టండి. అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైళ్లుంటే అవి మనవి కావు. తెలియని అడ్మిన్ యూజర్లు, క్రాన్ జాబ్‌లు, ఎఫ్‌టీపీ ఖాతాలు వెతకండి. మెయిల్ ఫార్వర్డర్లు, ఫిల్టర్లు కూడా చూడండి. వచ్చిన ప్రతి ఉత్తరం కాపీ తమకు చేరేలా పెట్టుకుని పోయేవాళ్లున్నారు. చివరగా అన్ని పాస్‌వర్డ్లూ, డేటాబేస్‌వి సహా మార్చండి.

చట్టం వైపు కూడా పని ఉంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వీస్ ప్రొవైడర్లు, కంపెనీలు ఇలాంటి సైబర్ ఘటనలను తెలిసిన 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. సీప్యానెల్‌లో రా యాక్సెస్ పేజీకి వెళ్లి లాగ్‌లు ఆర్కైవ్ చేయమని టిక్ పెట్టండి, పాత నెలవి తీసేయమన్న టిక్ తీసేయండి. లేకపోతే మీకు కావాల్సిన రోజుకు లాగ్ ఉండదు.

## డబ్బు కట్టని ఖాతాలు

గడువుకు 30, 15, 7 రోజుల ముందు గుర్తుచేయండి, చివరిది ఫోన్‌లో చేయండి. 18 శాతం జీఎస్‌టీ కలిపిన మొత్తాన్నే చెప్పండి, తర్వాత మాట పడకుండా ఉంటుంది. సస్పెండ్ చేస్తే సైట్ ఒక్కటే ఆగదు, ఆ ఖాతాలోని మెయిల్ లాగిన్ కూడా ఆగుతుంది. క్లినిక్‌కు ల్యాబ్ రిపోర్టులు మెయిల్‌లో వస్తుంటాయి. శనివారం సాయంత్రం, పండగ ముందు ఆ బటన్ నొక్కకండి. సస్పెండ్‌కూ టర్మినేట్‌కూ తేడా మీ దగ్గర పనిచేసే పిల్లలకు చూపించి మరీ చెప్పండి. టర్మినేట్ చేస్తే ఫైళ్లు, డేటాబేస్, మెయిళ్లు, డీఎన్‌ఎస్ జోన్ అన్నీ పోతాయి.

## కస్టమర్ వేరేచోటికి వెళ్తానంటే

వెళ్లనివ్వండి, చక్కగా వెళ్లనివ్వండి. పూర్తి బ్యాకప్, డేటాబేస్ ఎక్స్‌పోర్ట్, డీఎన్‌ఎస్ జోన్ కాపీ, మెయిల్ ఖాతాల జాబితా ఒక ఫోల్డర్‌లో పెట్టి ఇవ్వండి. డొమైన్ మీ రిజిస్ట్రార్ ఖాతాలో ఉంటే లాక్ తీసి, బదిలీ కోడ్ ఆయన ఈమెయిల్‌కు పంపండి. కొత్త చోట సైట్, మెయిల్ రెండూ నడుస్తున్నాయని ఆయనే చెప్పాక, పాత డీఎన్‌ఎస్ జోన్‌ను మీ సర్వర్ నుంచి తీసేయండి. అది మిగిలిపోతే మీ మిగతా కస్టమర్లు ఆయనకు పంపే మెయిళ్లు మీ సర్వర్‌లోనే చిక్కుకుంటాయి. ఖాతాను ముప్పై రోజులు సస్పెండ్‌లో ఉంచి అప్పుడు టర్మినేట్ చేయండి. షీట్‌లో ఆ వరుస చెరపకండి, పక్కన తేదీ, ఏమేం అప్పగించారో రాయండి. రెండేళ్ల తర్వాత ఫోన్ చేసి "అన్నా, మన పాత ఫొటోలు ఏమన్నా ఉన్నయా?" అని అడిగేవారు ఉంటారు.